లంగరు రాయి మీద కూర్చున్న పిల్ల

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్ళు గోడవైపు తిరగండి. ఇది రాజుల కాలపు కథ కాదు, మొన్నమొన్నటిది.

మొఘల్‌పురాలో అమరనాథ్ గారి ఎండుమిర్చి టోకు దుకాణంలో రోజూ దీపం పెట్టేది ఆయన కూతురు కీర్తిప్రియ. తొడిమ విరిచి సరుకు వాసన చూసేదీ, బేరం కుదిర్చేదీ ఆమే. అన్నీ నిలబడే చేసేది. గల్లాపెట్టె వెనుక ఉన్న తెల్లపరుపు గద్దీ మీద ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చోరు. అది తాతల నాటి కట్టడి. దసరా నాడు చిన్నాన్న కొడుకు అనురాగ్‌ను దానిమీద కూర్చోబెట్టాలని పెద్దలు నిశ్చయించారు. గద్దీ ఎక్కినవారి మాటే దుకాణంలో చెల్లుతుంది. ఆ తర్వాత కీర్తిప్రియకు అక్కడ పనేమీ ఉండదు.

మనసు మళ్ళుతుందని, పండుగ ముందు స్నేహితురాళ్ళు స్వరూప, అమల ఆమెను బందరు రైలెక్కించారు. తెల్లవారి దిగి, సముద్రపు ఒడ్డునున్న పాత కోటకు చేరారు. ఇటుకల సందుల్లో ఉప్పు మెరుస్తోంది. బురుజు మీద ఒక నల్లటి లంగరు రాయి ఉంది. కావలి బసవయ్య వచ్చినవారందరికీ చెప్పే మాటే వీళ్ళకూ చెప్పాడు.

"ఆ రాయి మీద కూర్చోకండమ్మా. ఓడల బరువు ఒంట్లోకి దిగుతుంది. ఆ తర్వాత మీరు కోరి ఎక్కడ కూర్చున్నా ఇంకొకరు లేపలేరు. మా మరదలు చూడండి, బస్సులో కిటికీ సీటు ఎవరికీ వదలదు."

స్వరూప పకపకా నవ్వింది. "నాకొద్దు తల్లీ! నేను కూసుంటే మా అత్తకు గుండె ఆగుతది."

కీర్తిప్రియ అప్పటికే రాయివైపు నడుస్తోంది.

"ఏయ్, పిచ్చి లేసిందా ఏంది? మీ బాపు మస్తు లొల్లి చేస్తడు!" అని అరిచింది అమల.

"చెయ్యనియ్. ఇన్నేండ్లు నిలవడే ఉన్న."

కూర్చుంది. సముద్రపు చలి పాదాల నుంచి పాకి నడుములో స్థిరపడింది. తిరుగు రైలులో ఆమె తలుపు దగ్గరే నిలబడి వచ్చింది. ఆ బరువుతో మొదట ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకుంది.

దసరా ఉదయం బంధువులతో దుకాణం నిండింది. కీర్తిప్రియ దీపం వెలిగించి, నెమ్మదిగా గద్దీ ఎక్కి కూర్చుంది.

"లే బిడ్డా, ఇజ్జత్ తియ్యకు," అన్నాడు అమరనాథ్.

"లేవ, బాపు."

చిన్నాన్న చెయ్యి పట్టి లాగి, ఆయనే బోర్లా పడబోయాడు. హమాలీ భిక్షపతి గద్దీని కింది చెక్కతో సహా ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. "లారీనన్న లేపుత గని సేఠ్, అక్కను లేపుడు నాతోని గాదు."

అమరనాథ్ కూతురి ముందుకు వచ్చి వంగి అడిగాడు.

"బందరు పోయొచ్చినవా?"

"పోయొచ్చిన."

"కోటకు?"

"కోటకే."

వయసులో ఉన్నప్పుడు ఆ కోటలో రాయి గురించిన హెచ్చరిక ఆయనా విన్నాడు. "పెద్దబాపూ, కూసోనియ్యుండ్రి, నాకేం ఫికర్ లేదు," అని అనురాగ్ హాయిగా మెట్లు దిగిపోయాడు. ముహూర్తం దాటుతోందని పంతులు గొణిగాడు. అంతలో వాకిట్లోకి ఒక ముసలామె వచ్చి, అలవాటు కొద్దీ అమరనాథ్‌నే అడిగింది.

"సేఠ్, మిర్చి ఎట్ల ఇస్తున్నరు?"

అమరనాథ్ పక్కకు జరిగాడు.

"గద్దీ మీదున్నామెను అడుగమ్మా."

అడిగినామె మా నానమ్మ చంద్రమ్మ. ఈ కథ నాకు మొదట చెప్పింది ఆమే.