సంచిలో క్లచ్ వైరు

నేను ఒక క్లచ్ వైరును. మోటారు సైకిలు హ్యాండిలుకీ ఇంజనుకీ మధ్య బతకవలసినదాన్ని, ఒక కాన్వాసు సంచి అడుగున బతికాను. చుట్ట చుట్టి, నడుముకి పాత రవికె పీలికతో ముడి వేసి ఉంచారు నన్ను. మాఘమాసంలో ఒక ఉదయం ఆ సంచి సర్దుతున్నారు. నా మీద ఒక పంచె పడింది. పంచె మీద సన్నాయి, దాని పక్కన సన్నాయికి తగిలించి ఊదే పీకల డబ్బా, గొంతుకి మిరియాల పొట్లం. సర్దుతున్నది రత్తమ్మ. సంచి ఆమె భర్త దొరయ్యది. కోనసీమలో ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి సన్నాయి వాయించేది ఆయనే.

"ఆ వైరెందుకే అందులో? కొత్త బండికి వైరు లేదని షోరూము వాళ్ళు చెప్పారు కదా. అంతా నూనె పైపేనంట," అన్నాడు దొరయ్య.

"ఉండనీండి. అదేమన్నా తింటుందా?"

"బండికి లేని వైరు సంచికెందుకని."

"మీరు తిరిగి రావడానికి," అంది రత్తమ్మ, సంచి మూతి బిగిస్తూ.

ఆవిడ అలా ఎందుకందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. జడ అల్లినట్టు సన్నటి ఇనుప తీగల్ని పేని, పైన నల్లటి తొడుగు ఎక్కించి, కొసన సీసం కరిగించి ఒక గుండు పోశారు. ఆ గుండే మా తల. మా వంశంలో ముసలితనంతో పోయినవాళ్ళు లేరు. తెగే పోతారు, అదీ మెడ దగ్గరే. కొత్తపేటలో స్పేరు పార్టుల కొట్టులో అక్కచెల్లెళ్ళం ఒకే మేకుకి వేలాడేవాళ్ళం. ఎవరో వచ్చి ఒకరిని తీసుకుపోయేవారు. పోయినవాళ్ళ కబురు మళ్ళీ తెలిసేది కాదు.

ఒకరోజు దొరయ్య వచ్చి ఇద్దరిని కొన్నాడు. అక్కని బండికి వేయించి, నన్ను సంచిలో వేసుకున్నాడు. ఆ రెండోది కొనిపించింది రత్తమ్మ. అంతకు ముందు ముహూర్తాల రోజుల్లో కాలవ గట్టు మీద దొరయ్య బండి వైరు తెగిపోయింది. పొద్దుగూకేలోపు రావలసిన మనిషి మర్నాడు మధ్యాహ్నం బండి తోసుకుంటూ వచ్చాడు. ఈలోపు రత్తమ్మ ఊహల్లో ఆయన కాలవలో పడ్డాడు, లారీ కింద పడ్డాడు, మధ్యలో ఒకసారి పెళ్ళివారి చుట్టాలమ్మాయిని లేవదీసుకుని కూడా పోయాడు. ఆవిణ్ణి చూసి నవ్వడానికి లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో ధాన్యం వేసుకుని వెళ్ళి మరి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఆవిడకి కడుపులో తిప్పుతుంది. అందుకని ఇంట్లో కొన్ని కట్టడులు పెట్టింది. వెళ్ళేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. బయలుదేరాక ఆగకూడదు. సంచిలో వైరు ఉండాలి. ఆ తర్వాత దొరయ్య ఎన్నిసార్లు వెళ్ళినా తిరిగి వచ్చాడు. ఆ గొప్పంతా ఆవిడ నాకే కట్టబెట్టింది. నేనూ కాదనలేదు.

అలా ఉండగా రాజమండ్రిలో పంచెల జత కొన్నందుకు బట్టల కొట్టువాళ్ళ లక్కీ డ్రాలో దొరయ్యకి మొదటి బహుమతి వచ్చింది. ఎర్రటి పెద్ద మోటారు సైకిలు, ముందుకి ఒంగి కుమ్మడానికి సిద్ధంగా ఉన్న గిత్తలా ఉంది. పాత బండిని చేపలమ్మే ఆయనకి ఇచ్చేశారు. దానితోపాటు అక్కా పోయింది. వారం తిరక్కుండా చేపల కంపు కొడుతూ మా వీధిలోంచే వెళ్ళింది. నన్ను గుర్తుపట్టలేదు.

కొత్త బండిది హైడ్రాలిక్ క్లచ్, అంటే వైరు పని నూనె చేస్తుంది. పాత క్లచ్ నొక్కాలంటే దొరయ్య పళ్ళు బిగించేవాడు. కష్టపెట్టినా మేం మాట్లాడేవాళ్ళం. ఎక్కడ బిగుస్తున్నామో, ఎక్కడ ఇంజను అందుకుంటుందో అరచేతికి చెప్పేవాళ్ళం. ఇది ఏమీ చెప్పదు. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, మిగలపండిన అరటిపండులా లోపలికి పోతుంది. దొరయ్య నాలుగు వేళ్ళూ వేసి చెరుకు పిండినట్టు పిండి, చటుక్కున వదిలేవాడు. బండి ఎగిరి ఆగిపోయేది. వెనక కూర్చున్న, డోలు వాయించే బుల్లెబ్బాయి దొరయ్య వీపుకి కొట్టుకునేవాడు. మధ్యలో ఉన్న డోలు దానంతటదే మోగేది.

"బావా, ఇది ఏ తాళమని పెళ్ళివారు అడిగితే ఏం చెప్పమంటావు?" అనేవాడు బుల్లెబ్బాయి.

"ఆదితాళమని చెప్పు."

"నీకు నొక్కడం వచ్చు బావా. వదలడమే రాదు."

దొరయ్య ఆలోచించాడు. అమావాస్యకి అమావాస్యకి తన తలకి కొబ్బరినూనె రాసుకుని, మిగిలిన నాలుగు చుక్కలు వైరు తలకి వేయడం ఆయన అలవాటు. కొత్త బండి హ్యాండిలు మీద చూస్తే చిన్న గిన్నె కనబడింది, మూతతో సహా. ఇన్నాళ్ళకి కంపెనీవాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాడు. లోపలున్న పల్చటి పసుపు నూనె కల్తీదని తేల్చి గుడ్డతో అద్దేశాడు. గానుగలో ఆడించిన ఇంటి కొబ్బరినూనె పోస్తూ నొక్కి, నొక్కుతూ పోసి, గిన్నె నింపాడు. నాకు ఎన్నడూ అంత నూనె దక్కలేదు. కొంచెం ఈర్ష్యపడ్డాను కూడా.

ఇందాక చెప్పిన సంచి సర్దడం ఆ తర్వాత వచ్చిన ముహూర్తానికి. పొద్దున్నే చలి, మంచు. దొరయ్య బండి స్టార్టు చేసి క్లచ్ పట్టుకున్నాడు. రాయిలా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళకి దీనికి పట్టొచ్చిందే," అని గేరు మీద గట్టిగా కాలు వేశాడు.

బండి దూకింది. సంచి రత్తమ్మ భుజాన ఉంది, బుల్లెబ్బాయి అరుగు మీద టీ తాగుతున్నాడు, దొరయ్య ఒక్కడూ వెళ్ళిపోయాడు. సంచీ డోలూ లేకుండా పెళ్ళికెలా పోతాడు? అందుకని ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

వెనకనుంచి పిలవకూడదు కదా, రత్తమ్మ అటువైపు నుంచి చుట్టి ఎదురొచ్చింది. ఆవిడ భుజాన సంచిలో నేను. ఎదురైనప్పుడల్లా ఒక్క మాటకే వ్యవధి.

"ఆగండి," అంది దొడ్డి వైపు.

"ఆగితే మళ్ళీ కదలదే," అన్నాడాయన.

"తాళం తిప్పేయండి," అంది వాకిట్లో.

"బయలుదేరాక ఆగకూడదని నువ్వే కదా అన్నావు."

ఆవిడ సంచి ఎగదోసుకుని మళ్ళీ అటు చుట్టింది. బుల్లెబ్బాయి డోలు మెళ్ళో వేసుకుని బండి వెనక పరుగెత్తి, ఒక కాలు వేసి, కొంత దూరం కుంటి, నూతి దగ్గర దిగిపోయాడు.

"బావా, ప్రదక్షిణం ఎన్ని చుట్లనుకుని మొక్కుకున్నావు?"

మరుసటి చుట్టులో రత్తమ్మ చూపు కిటికీలో ఉన్న నూనె సీసా మీద పడింది. చలికి లోపల తెల్లగా గడ్డకట్టి ఉంది. ఆవిడ నిలబడిపోయింది.

"ఆ గిన్నెలో ఏం పోశారు?"

జవాబు ఒక చుట్టు తిరిగి వచ్చింది. "కొబ్బరినూనె."

"గానుగదేనా?"

ఇంకో చుట్టు. "గానుగదే. నేనేమన్నా కల్తీది పోస్తానా?"

ఆవిడ పొయ్యి మీద కాగుతున్న వేణ్ణీళ్ళు చెంబుతో తెచ్చి దారిలో నిలబడింది. మొదటి చెంబు దొరయ్య మోకాలి మీద పడింది. రెండోది బుల్లెబ్బాయి మీద పడింది. అతను అక్కడికి ఎందుకొచ్చాడో అతనికే తెలియాలి. మూడోది గిన్నె మీద పడింది. లోపల నూనె కరిగింది. క్లచ్ మెత్తబడింది. బండి వెళ్ళి కొబ్బరి పీచు డొక్కల కుప్పలో కూర్చుంది.

ముహూర్తానికి ముగ్గురూ వెళ్ళారు. దారిలో గిన్నె గడ్డకట్టినప్పుడల్లా పోయడానికి ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్ళు పట్టుకుని రత్తమ్మ మధ్యలో కూర్చుంది. దొరయ్యతో పెళ్ళికి వెళ్ళడం ఆవిడకి అదే మొదలు. ఆ రోజు ఆవిడ ఎవరికోసమూ గుమ్మంలో నిలబడలేదు. తిరిగొచ్చాక, "బాగుందండీ ఇది," అంది. బండి సంగతో, వెళ్ళడం సంగతో చెప్పలేదు.

మెకానిక్కు ఆ గిన్నె శుభ్రం చేసి, అసలు నూనె పోశాడు గాని, కొబ్బరి వాసన మాత్రం పోగొట్టలేకపోయాడు. రత్తమ్మ ప్రతి పెళ్ళికీ బండెక్కడం మొదలుపెట్టింది. ఇక దొరయ్యకి వదలడం నేర్చుకోక తప్పలేదు. పరీక్షకి వెనక ఒళ్ళో నిండు చెంబు పెట్టుకుని ఆవిడ కూర్చునేది, ఆయన రెండే వేళ్ళతో క్లచ్ పట్టి మెల్లగా వదిలేవాడు. మొదట్లో ఆవిడ చీరంతా తడిసేది. తర్వాత కుచ్చిళ్ళు తడిసేవి. పోను పోను చెంబులో నీళ్ళు కదలడమే తప్ప ఒలకడం మానేశాయి. ఇంత జరిగినా సంచిలో నేను ఉండాల్సిందే. ఇద్దరూ కలిసే వెళ్తున్నారు కదా, ఇక ఎవరు ఎవరిదగ్గరికి తిరిగి రావాలని నాకు అనుమానం వచ్చేది. అడిగే నోరు నాకు లేదు.

కొన్నేళ్ళకి రత్తమ్మకి కడుపులో తిప్పడం ఎవరూ చెప్పులు తొడుక్కోకుండానే మొదలైంది. కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. ఆసారి సంచి దొరయ్య సర్దాడు. అలవాటు లేని చేతులు. రెండు చీరలు, దువ్వెన, గ్లాసు, దుప్పటి పెట్టాడు. తీశాడు, మళ్ళీ పెట్టాడు. వాకిట్లోకి తొంగి చూశాడు. రత్తమ్మ అటు తిరిగి ఉంది. పెళ్ళిళ్ళు లేనప్పుడు నన్ను తగిలించే గోడ మేకు నుంచి నన్ను తీసి, చీరల అడుక్కి తోసేశాడు.

బస్సులో తిప్పుతుందని, బండి మీదే వెళ్దామంది ఆవిడ. ఆయన క్లచ్ వదిలాడు. కాసేపయ్యాక వెనకనుంచి ఆవిడ అడిగింది.

"బయలుదేరామా?"

"కాలవ కూడా దాటేశాం."

ఆసుపత్రి మంచం మీద దువ్వెన కోసం సంచిలో చెయ్యి పెడితే ఆవిడ చేతికి నేను తగిలాను. బయటికి తీసింది.

"ఇదెందుకండీ? నాకేమన్నా క్లచ్ ఉందా?"

"ఉండనీ. అదేమన్నా తింటుందా?" అన్నాడు దొరయ్య, కిటికీ వైపు తిరిగి.

ఆవిడ నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టి కడుపు పట్టుకుంది. పీలిక ముడి వదులైందని బిగించి, నన్ను దిండు పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు నేను మళ్ళీ ఆ ఇంట్లో మేకుకి ఉన్నాను. ఏ బండికీ పనికిరాను. తుప్పు కూడా నిదానంగానే పడుతోంది. అమావాస్యకి దొరయ్య వచ్చి నా తలకి నాలుగు చుక్కలు నూనె వేస్తాడు. ఎందుకని ఆయన్ని అడిగేవాళ్ళు లేరు.

కాకినాడ నుంచి సంచి తిరిగి వచ్చింది. దువ్వెన వచ్చింది, రెండు చీరలూ వచ్చాయి, నేను వచ్చాను. దొరయ్య వచ్చాడు. రత్తమ్మ రాలేదు. అది రెండు వేల పద్దెనిమిది, జూన్ పదకొండు, సోమవారం.