ఆరనివ్వకు

పెరటి గదికి వేయడానికి అన్న కొత్త తాళం కొని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. "ఇంకొక్కసారి పొగ కనిపించిందా, ఈ గది మీ వదిన కుట్టుమిషనుకే," అని తేల్చేశాడు. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఏ కొలువులోనూ కుదురుగా నిలవని తమ్ముడికి తనదంటూ మిగిలింది ఆ గదొక్కటే.

నూనెను గడ్డకట్టించి కొవ్వొత్తులకు పనికొచ్చేలా మార్చాలని అతని పంతం. ఫ్యాక్టరీలలో ఆ పని దళసరి ఉక్కుపాత్రలలో, కొలిచిన ఒత్తిడిలో, నికెల్ పొడి సాయంతో జరుగుతుంది. ఇతని దగ్గరున్నవి వదిన పారేసిన కుక్కరు, ఒక గాజు గరాటు, బోలెడంత మొండితనం. నూనె ఎప్పటికీ నూనెగానే మిగిలేది. ఎలాగో సంపాదించిన నికెల్ పొడి మాత్రం నిజంగానే నికెల్. నీటి కింద ఉన్నంతసేపు అది ఉత్త నల్లబురద. తడి ఆరి గాలి తగిలితే తనంత తానే రాజుకుంటుంది.

ఆ పొడిని గరాటులో కడుగుతుండగా శుద్ధజలం నిండుకుంది. మందుల దుకాణానికి బయలుదేరుతూ, ముందుగదిలో కూర్చున్న అన్నతో అన్నాడు:

"గరాటులో ఉన్నదాన్ని కాస్త చూస్తుండు. ఆరనివ్వకు."

"సైంటిస్టుగారి నిప్పుకి కాపలా కూడా నేనేనా? జీతమెంత?"

"ఆరనివ్వకు, అంతే. మిగతాది నీకు అర్థం కాదులే."

దుకాణంలో సీసా చేతికందాక మనసాగక ఫోన్ చేశాడు. "ఆరలేదు కదా?"

"ఎప్పుడో ఆరిపోయింది. నిప్పూ లేదు, నీ మొహమూ లేదు. చల్లటి బొగ్గుపొడి! తీసి అక్కడే ఉన్న మీ వదిన గుడ్డముక్కల బుట్టలో పడేశా."

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. పరుగున ఇల్లు చేరేసరికి పెరటి గది గుమ్మంలోంచి పొగ సుడులు తిరుగుతోంది. వదిన బుట్టమీద బకెట్టు నీళ్లు కుమ్మరించి నిలబడి ఉంది. ఎవరికో కుట్టి ఇవ్వాల్సిన రవిక సగం మాడి ఆమె చేతిలో వేలాడుతోంది.

"ఇల్లు తగలబెడితేగానీ మీ తమ్ముడికి నిద్రపట్టదండీ!"

"ఆరనివ్వకు అన్నాను కదా!" అని అరిచాడు తమ్ముడు.

"ఆరిపోయిందనే కదరా పారేశాను! ఆరితే అంటుకునేది ఏ లోకంలో ఉంది?"

అప్పుడు తట్టింది అతనికి. అన్న చెవిన పడింది దీపం ఆరడం. తన నోట వచ్చింది బట్ట ఆరడం. 'తడిగా ఉంచు' అంటే సరిపోయే మాట. అన్నకు అర్థం కాదనుకుని విడమర్చి చెప్పలేదు.

అన్న అతన్ని రెక్కపట్టి బయటికి ఈడ్చి, వదిన కూడా బయటికొచ్చాక తాళం వేశాడు. బుట్ట లోపలే ఉండిపోయింది, కిటికీ కింద. పొడిలో సగమైనా కాలి ఉండదు. గాలి జోరుగా వీస్తోంది.

"అన్నయ్యా, తప్పు నాదే. గది నువ్వే ఉంచుకో. ఆ బుట్ట మాత్రం తడిగా ఉండాలి. తడి పోతే మళ్లీ రాజుకుంటుంది."

"ఇందాక ఆరనివ్వకన్నావు, ఇప్పుడు తడపమంటున్నావు. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా?"

తాళంచెవి జేబులో వేసుకుని అన్న వెళ్లిపోయాడు. తమ్ముడు కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాచి, కొని తెచ్చిన శుద్ధజలాన్ని బుట్టమీద ధారగా వదిలాడు. సీసా ఖాళీ అయింది.

"వదినా, ఒక్క బకెట్టు నీళ్లు."

ఆమె మాడిన రవికను అతని కాళ్ల ముందు విసిరి లోపలికి పోయింది.