చిలకపచ్చ జాకెట్టు గుడ్డ

యాభై రెండేళ్ళ ఆడది పెన్సిలు పట్టుకుని బొమ్మలు నేర్చుకుంటానంటే మొగుడికి అంతకంటే వేడుక ఉండదు. మా ఆయన కోదండరాం పురసవాక్కంలో బట్టల కొట్టు కట్టేసి ఇంటికి రాగానే నా పుస్తకం తిరగేసి, "ఇది నేనా, గుమ్మడికాయా?" అని అడిగేవాడు. ఫోనులో వీడియోలు చూసి ఏడాదిన్నర గీశాను. మిక్సీ గీశాను, చెప్పులు గీశాను. మోకాళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు పక్కావిడ చెవి గీస్తుంటే ఆవిడ లేచి వేరే కుర్చీకి పోయింది. ఈ వయసులో ఇవన్నీ ఏం పనులని నాకూ అనిపించేది, కానీ మానలేకపోయాను.

ఆ ఏడాదిన్నరలో కుదిరిన బొమ్మ ఒక్కటే. అది జయంతిది.

జయంతి మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మాది ఇరవై ఆరేళ్ళ స్నేహం. పోయినేడాది ఆమెకు కాన్సరు వచ్చింది. అందరికీ నెల్లూరులో అక్క దగ్గరికి పోతున్నానని చెప్పి, ఈ ఊళ్ళోనే ఆస్పత్రిలో వైద్యం చేయించుకుంది. తోడు వెళ్ళింది నేనొక్కదాన్నే. "ఎవురన్నా నన్ను చూసి అయ్యో అంటే నేను తట్టుకోలేను హేమా" అని నా చేత ఒట్టు వేయించుకుంది. జుట్టంతా రాలిపోయింది. టి. నగర్ పోయి మంచి విగ్గు కొన్నాం. దానికి జడ వేసి మల్లెపూలు పెట్టుకుంటే ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం మా ఇంట్లో, ఉక్క తట్టుకోలేక విగ్గు తీసి పక్కన పెట్టి నిద్రపోయింది. నేను గీశాను. బోడితల, చెవి వెనక నరం, కొంచెం తెరుచుకున్న నోరు, అన్నీ గీశాను. గీసినంతసేపూ ఆమె జయంతి అన్న సంగతే మర్చిపోయాను. ఆమె కదిలేసరికి పుస్తకం మూసేశాను. అప్పుడే చింపి పారేసి ఉండాల్సింది. అంత బాగా కుదిరిన బొమ్మను చింపడానికి చేతులు రాలేదు.

పుస్తకంలో ఉంటే మా ఆయన చూస్తాడు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. నవరాత్రికి బొమ్మల కొలువు చూడవచ్చిన ఆడవాళ్ళకు తాంబూలంతో పాటు జాకెట్టు గుడ్డ ఇస్తాం కదా. ఆ గుడ్డ ఎవరూ కుట్టించుకోరు. అట్టకు చుట్టి కవరులో ఉన్నది ఉన్నట్టే ఇంకొకరికి దాటిస్తారు. ఒక ఊదారంగు గుడ్డ మూడేళ్ళలో రెండుసార్లు తిరిగి నా దగ్గరికే వచ్చింది. అలాంటి గుడ్డల సంచి మా బీరువాలో ఎప్పుడూ ఉంటుంది. ఒక చిలకపచ్చ గుడ్డలో, అట్టకూ బట్టకూ మధ్య ఆ కాగితం పెట్టి సంచి అడుగున తోసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నవరాత్రి నాలుగో రోజు సాయంత్రం ఒకేసారి తొమ్మిది మంది వచ్చారు. ప్రసాదానికి శనగల సుండల్ పొయ్యి మీద ఉంది, పళ్ళేలు చాల్లేదు, మోకాలు సలుపుతోంది. తాంబూలాల్లో పెట్టడానికి సంచిలో చెయ్యిపెట్టి దొరికింది దొరికినట్టు ఇచ్చేశాను. అందరూ వెళ్ళాక సంచి తీసి చూస్తే ఖాళీ.

ఎవరికి ఇచ్చాను? కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. చిలకపచ్చ గుడ్డ పట్టుకుని, "ఈ రంగు నాకు బాగుంటుందామ్మే?" అని నవ్విన మొహం గుర్తొచ్చింది. పక్కింటి వాసవాంబ. దాని చెవిన పడ్డ మాట మర్నాటికి మార్కెట్టంతా తిరుగుతుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. వాసవాంబ తన కొలువు ముందు దీపంలో నూనె పోస్తోంది.

"అక్కా, నీకిచ్చిన పచ్చ గుడ్డకు నూనె మరక ఉండాది. ఇట్లా ఇచ్చెయ్యి, వేరేది ఇస్తా" అన్నాను.

"అదా? ఇచ్చేస్తిని గదా! ఇందాకే జయంతి వచ్చె. చేతికి వేరేది దొరకలా, నువ్విచ్చిందే దానికి పెట్టేస్తిని." ఒక్క క్షణం ఆగి నా కాళ్ళ వైపు చూసింది. "ఏందిమే, మరక కోసం చెప్పుల్లేకుండా పరిగెత్తుకుని వచ్చిండావు?"

"తెరిచి చూస్తివా అక్కా?"

"నీ జాకెట్టు గుడ్డల సంగతి నాకు తెలీదా" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. చూసింది, ఖాయంగా చూసింది అనుకున్నాను. కానీ వాసవాంబతో తేల్చుకునే సమయం లేదు. గుడ్డలన్నీ తెరిచి చూసే మనిషి మా వీధుల్లో ఒక్కతే ఉంది. జయంతి వాటిని లైనింగుకు వాడుకుంటుంది. ఇంటికి పోగానే విప్పి టేపుతో కొలుస్తుంది.

రెండు వీధులు దాటడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. ఎదురొచ్చిన వాళ్ళు పలకరిస్తే ఏం బదులిచ్చానో తెలియదు. ఇంకా విప్పి ఉండదులే, వంట పనిలో ఉండి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను.

తలుపు తీసే ఉంది. కుట్టు మిషను మీద చిలకపచ్చ గుడ్డ పరిచి ఉంది. పక్కనే అట్టముక్క. కాగితం జయంతి చేతిలో ఉంది.

"నిద్దరపోతా ఉండంగా గీస్తివా?" అంది. గొంతు పెంచలేదు.

"అవును."

"అడిగుంటే ఒద్దంటానని తెలుసు గదా నీకు."

తెలుసు. అందుకే అడగలేదు. ఆ మాటే చెప్పాను. క్షమించమన్నాను. అది ఆ గుడ్డలోకి ఎలా వెళ్ళిందో, ఎలా చేతులు మారిందో మొత్తం చెప్పాను. జయంతి కాగితం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"వాసవాంబక్క చూసిందా?"

తెలియదు అంటే సరిపోయేది. నాకు నిజంగానే తెలియదు. కానీ ఆ నవ్వు కళ్ళముందు ఆడుతోంది, ఇంకేదీ దాచకూడదన్న ఆత్రం ఒకటి.

"చూసిందనే అనిపిస్తా ఉండాది జయంతీ" అన్నాను.

ఆమె కాగితం మడిచింది. తర్వాత లేచి, నవరాత్రిలో ఇంటికొచ్చిన దాన్ని ఉత్త చేతులతో పంపకూడదు గనక, నాకు బొట్టు పెట్టి, రెండు ఆకులు, ఒక పండు చేతిలో పెట్టింది. కాగితం ఇవ్వలేదు. నేను మెట్లు దిగకముందే తలుపు మూసుకుంది.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున మూడుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. సాయంత్రమయ్యేసరికి మా కొలువు దగ్గర మళ్ళీ ఆడవాళ్ళు చేరారు. వాసవాంబ ముందు వరసలో కూర్చుని దేవుడి పాట ఒకటి పాడుతోంది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఇప్పుడు జయంతి మాట ఎత్తుతుందేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. రెండుసార్లు సుండల్ పొట్లం ఇచ్చి సాగనంపాలని చూశాను. కదల్లేదు.

అప్పుడే జయంతి వచ్చింది.

మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుంది. చెవులకు దిద్దులు, మెళ్ళో గొలుసు. తలమీద ఏమీ లేదు. విగ్గు లేదు, కొంగు కప్పుకోలేదు. అర అంగుళం పెరిగిన నెరసిన వెంట్రుకలు, వాటి కింద తెల్లటి నెత్తి. గడపలో నిలబడి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"చూసినోళ్ళు ఎట్లాగూ చూసినారు. హేమ గీసిన కాగితంలో చూసేదానికంటే నన్నే చూడండి" అంది, వాసవాంబ వైపు తిరిగి.

వాసవాంబ పాట ఆగిపోయింది. చేతిలో సుండల్ పొట్లం ఒళ్ళోకి జారి శనగలన్నీ చీర మీద పడ్డాయి. దులుపుకోవడం కూడా మర్చిపోయింది.

"అయ్యయ్యో, జయంతీ! ఏందిమే ఇది? తలకేమాయె? కాగితం ఏంది, నేనేం చూస్తిని?"

ముప్ఫై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషి. ఆమెకు నటించడం చేతకాదు. ఆమె ఏ గుడ్డా విప్పలేదు. అందరిలాగే కవరు కూడా తియ్యకుండా దాటించేసింది. నా దగ్గర ఒక నవ్వు తప్ప ఏ ఆధారమూ లేదు. ఆ నవ్వును నమ్మి నేనన్న ఒక్క మాటకు, ఏడాదిగా ప్రాణంగా దాచుకున్నదాన్ని జయంతి తన చేతులతో తనే తీసి అందరి ముందు పెట్టింది.

గదిలో అటునుంచీ ఇటునుంచీ "అయ్యో", "అయ్యో పాపం" అనే మాటలు మొదలయ్యాయి. వాసవాంబ ఏడుస్తూ లేచి ఆమె తల నిమరబోయింది. జయంతి ఆ చెయ్యి తప్పించుకోలేదు. అయ్యో అన్న ప్రతిసారీ ఆమె దవడ బిగుసుకోవడం నాకొక్కదానికే తెలుస్తోంది.

అప్పుడు జయంతి నావైపు చూసింది. వాసవాంబ ఏమీ చూడలేదని ఆమెకూ అర్థమైంది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఏం చెయ్యాలో తోచక కుంకుమ భరిణె తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. బొట్టు పెట్టబోతే కుంకుమ ఆమె ముక్కు మీద రాలింది. జయంతి కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా చేతిలో భరిణె తీసుకుని తన బొట్టు తనే పెట్టుకుని, వెళ్ళి వాసవాంబ పక్కన కూర్చుంది.