మగ్గం గుంటలో కాళ్ళు

మగ్గం గుంట అంచున నిలబడి ఉన్నాను, మా ఆయన భావనారాయణ గుంటలోకి కాళ్ళు దించుకుని ఎప్పటిలాగే నేస్తున్నాడు, ఆయన పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు, ఆ మాట అంటే లేచి వెళ్ళిపోతాడేమోనన్న భయంతో అనకుండా ఊరుకుంటున్నాను. ఒకసారి చూస్తే ఇది మా పాక, ఇంకోసారి చూస్తే ఆయన్ని చివరిగా తీసుకెళ్ళిన ఆసుపత్రి వరండా. గంజి పెట్టిన నూలు వాసన మాత్రం ఎటు చూసినా అలాగే ఉంది.

"నూలు కండెలు చుట్టకుండా ఎక్కడ తిరుగుతున్నావే మాణిక్యం?" తల తిప్పకుండానే అడుగుతాడు.

"తిరగటానికి కాళ్ళేవి మావా? నాలుగడుగులేస్తే పిక్కలు పట్టేస్తన్నయ్. కుడి బొటనేలు గిల్లినా తెలవటంలేదు. రక్తం దిగకపోతే ఏలు తీసెయ్యాలంట. రేపు రమ్మన్నాడు డాక్టరు."

"పేపర్లన్నీ చదువుతావుగా, అందులో ఏం రాశారు?" నవ్వుతున్నాడు. నూలు కట్టలకు చుట్టి వచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ నేను చదువు నేర్చుకున్నప్పుడూ ఇలాగే నవ్వేవాడు.

చెబుతున్నాను, ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాను, నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి రాశానని, మెంతులు నానబెట్టి తాగానని, వేడినీళ్ళ కాపడం పెడితే మొద్దుబారిన పాదానికి సెగ తెలియక బొబ్బలెక్కాయని, కాళ్ళు ఎత్తున పెట్టుకోమని ఎందులోనో చదివి రెండు దిళ్ళ మీద పెట్టుకుంటే నొప్పి ఇంకా పెరిగిందని. చెబుతూ చూసుకుంటే ఆ దిళ్ళు నా చంకలోనే ఉన్నాయి, దిళ్ళు కావు, నూలు కట్టలు, వాటిని ఎలా వదలాలో తెలియడం లేదు.

"ఎత్తమన్నది వాపున్నోళ్ళకే పిచ్చిదానా. నీకు రక్తం దిగటంలేదు. నీళ్ళు మెరకకి పారతయ్యా?"

"అయితే నన్ను తీసుకుపో. సగంలో వదిలేసి పోయావు, చీరా అంతే, నేనూ అంతే."

మామిడిపిందెల అంచు చీర అది. ఆసుపత్రికి బయలుదేరుతూ, వచ్చి పూర్తి చేస్తానన్నాడు. మగ్గం ఊడదీసినవాళ్ళు దాన్ని సగంలోనే కోసేశారు, గుంట పూడ్చి గచ్చు చేశారు, ఆ గచ్చు మీదే ఇప్పుడు నా మంచం. ఇదంతా ఆయన కంట పడకూడదని కొంగుతో గుంట అంచును కప్పుతున్నాను.

"కోసినోళ్ళు మూరెడు పడుగు పోగులన్నా ఉంచారా, కొత్తది అతకటానికి?" తెలిసే అడుగుతున్నాడు.

"ఉంచలేదు మావా. ఏం మిగల్లేదు."

నా కాలు దగ్గరికి లాక్కుంటాడు. తెగిన పోగును వెతికేటప్పటిలాగే, పిక్క మీది నీలినరాలను ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తాడు.

"తెగలేదే. సడలింది, అంతే. తొక్కకపోతే ఏ పోగైనా సడలుద్ది. కాళ్ళు కిందకి దించు."

అప్పుడే గుంట అడుగు నుంచి తడి సిమెంటు పైకి వస్తోంది, ఆయన పాదాలు మునిగాయి, మోకాళ్ళు మునుగుతున్నాయి, నేను గొంతు పోయేలా అరుస్తున్నాను, "లేవయ్యా, పైకి రా, ఈసారన్నా రా!"

"నేసేవోడు పని మధ్యలో లేస్తాడటే?"

"లేచావుగా! ఆ రోజు లేచి పోయావుగా!"

కాస్త పక్కకు జరిగి నాకు చోటిస్తాడు.

"ఇట్టా కూర్చో. ఒక పాదం కిందకి, ఒకటి పైకి. నొప్పొస్తే ఆగు, తగ్గినాక మళ్ళా తొక్కు. నడకా అంతే. రోజూ."

"నువ్వుంటావా?"

"తొక్కవే."

నూలు కట్టలు జారిపోతాయి, కాళ్ళు దించుతాను, పాదాలు చీకట్లో తొక్కుడు చెక్కల కోసం వెతుక్కుంటాయి, పక్కన ఆయన భుజం వెచ్చగా తగులుతూనే ఉంది, తగులుతూనే ఉంది, తల తిప్పితే ఉండదని తెలిసీ తల తిప్పుతాను.

"మావా!" అన్న నా కేకకే మెలకువ వచ్చింది. గుమ్మంలో ఎండ పడుతోంది. దిళ్ళు రెండూ నేల మీద ఉన్నాయి. మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాను, పాదాలు ఒకటి కిందకీ ఒకటి పైకీ వాటంతటవే ఆడుతున్నాయి. ఆపాలంటే భయమేసింది.

గుంట పూడ్చినచోట గచ్చు కాస్త కుంగి ఉంటుంది. ఆ పల్లంలో కుడి బొటనవేలు ఆనింది.

చల్లగా తగిలింది.