ఆదివారానికి దాచిన చెవి

సత్యవేడుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరు. ఊరి చివర రేకుల కప్పు వేసిన ప్రార్థనా మందిరం. ఏటా వేసవిలో సత్యవేడులో సువార్త కూటాలు జరుగుతాయి. వాటికి ముందు వచ్చే ఆదివారం ఈ మందిరంలో తలాంతుల ప్రతిష్ఠ ఉంటుంది. దేవుడు తమకిచ్చిన నేర్పు ఏమిటో ఒక్కొక్కరూ ముందుకు వచ్చి చెప్పుకోవాలి. పాస్టర్ దయానంద్ గారు వాళ్ళ తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. పాడేవాళ్ళు వస్తారు, కీబోర్డు వాయించేవాళ్ళు వస్తారు, ప్రసంగం చేయగలవాళ్ళు వస్తారు. చక్కటి ఆచారమే. అయితే ఈ ఏడు ఆ వరసలో తాపీమేస్త్రి కుప్పయ్య కూడా వచ్చి నిలబడ్డాడు.

"ఏం కుప్పయ్యా, పాటా, ప్రసంగమా?" అని అడిగారు పాస్టర్ గారు.

"అయ్యేం రావయ్యా నాకు. గోడ వంకర పోయిందంటే దారం ఏలాడదీయకుండా కంటితోనే సెప్పేస్తాను. దేవుడిచ్చిందే గదా, సెప్దామని వచ్చినాను."

మందిరం గొల్లుమంది. పాస్టర్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

"అది కూలిపని లేప్పా. పని వేరు, తలాంతు వేరు. పోయి కూర్చో."

కుప్పయ్య ఇంకేదో చెప్పబోయి, తల గోక్కుంటూ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఒక మనిషిని అవమానించామని అక్కడ ఒక్కరికీ తోచలేదు. చదువుతున్న మనం ఆ చాపల మీద ఉన్నా నవ్వే ఉండేవాళ్ళం, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ నవ్వినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది కృపామణి.

కృపామణికి ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే తల్లి తాయమ్మ దగ్గరికి వచ్చేసింది. గొంతు బాగుంటుంది, కాని గొంతుకంటే చెవి గొప్పది. డోలక్ తోలు ఏమాత్రం వదులైనా వాయించేవాడికంటే ముందు ఆమెకు తెలిసిపోతుంది. ఇరవైమంది కలిసి పాడుతుంటే శ్రుతి తప్పింది ఎవరో వెనక్కి తిరగకుండానే పేరు పెట్టి చెబుతుంది. ఆ ఆదివారం పాస్టర్ గారు ఆమె తలమీద చెయ్యి ఉంచి, "ఈ చెవి దేవునిదమ్మా. లోకం గోల దీంట్లో పడనియ్యొద్దు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆమె ఆ మాటను తు.చ. తప్పకుండా పట్టుకుంది. పట్టుచీర పెట్టెలో పెట్టినట్టు ఆ చెవిని ఆదివారానికి దాచుకుంది.

వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆమెది ఫ్యాక్టరీ పని. శ్రీసిటీకి పోయే దారిలో చిన్న రేకుల ఫ్యాక్టరీ అది, పేరుతో మనకు పనిలేదు. తెల్లవారి అయిదున్నరకు బస్సు వస్తుంది. పక్క ఊళ్ళో కోమలి ఎక్కుతుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు, చేతులు అసలే ఊరుకోవు. ఒళ్ళో కనకాంబరాలు పోసుకుని, బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నా చూడకుండా మాల కట్టేస్తుంది. దిగేలోపు ఆడవాళ్ళందరికీ తలా ఒక జానెడు తుంచి ఇస్తుంది. మందిరం కట్టుబాటు ప్రకారం కృపామణి పూలు పెట్టుకోదు.

"పెట్టుకోకుంటే పో అక్కా. టిఫిన్ సంచికి కట్టుకో, నీ దేవుడు సంచిని సూడడులే" అని కోమలి ఆటపట్టించేది. కృపామణి నవ్వి ఊరుకునేది.

ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. రేకు ముక్కను పెట్టి రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితే, పైనున్న ఇనుప అచ్చు దిగి ముక్కను వంచి, మళ్ళీ పైకి లేచి ఆగుతుంది. అది ఆగిన తరువాత చెయ్యి లోపలికి పెట్టి ముక్కను తీయాలి. రోజుకు రెండువేల సార్లు అదే పని.

సోమవారం పని మొదలైన అరగంటకే కృపామణి తల ఎత్తింది. కోమలి మిషన్లో అచ్చు పైకి లేచి ఆగేచోట రోజూ వినిపించే గట్టి దెబ్బ వినిపించలేదు. దాని బదులు చిన్న జీర, అలసిపోయినవాడు కాళ్ళు ఈడ్చినట్టు. ఇరవై మిషన్ల రొదలో అది ఇంకెవరికీ వినపడలేదు. మునిశేఖర్‌కు చెబుదామని లేచింది. మునిశేఖర్ ఆ వరసకు సూపర్‌వైజరు. అతనే ఎదురొచ్చాడు.

"కృపామణీ, మీ కూటాలకు శుక్రవారం నుంచి లీవు అడిగినావు గదా? ఈ ఆర్డరు గురువారం సాయంత్రానికి లారీ ఎక్కాల. ఎక్కిందంటే లీవు నీది. ఒక్క మిషన్ ఆగినా ఎవురికీ లీవు లేదు, ఆదివారం కూడా డ్యూటీనే. ముందే సెప్తాండా."

ఆమె నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. శనివారం సాయంత్రం కూటాల్లో పాట ఆమెది. వేలమంది వస్తారు. నెల రోజులుగా ఆ పాటే లోకంగా ఉంది. ఇప్పుడు మిషన్ ఆపితే? అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది, భక్తి గలవాళ్ళకే వచ్చే ఆలోచన. ఇది సాతాను పెడుతున్న ఆటంకం! దేవుని పాటను ఆపడానికే ఈ జీర! ఆమె తిరిగి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుని, గురువారం దాకా ఆ మిషన్ ఆగకుండా చూడమని ప్రార్థన చేసింది. నిండు మనసుతోనే చేసింది. చెడ్డదారిలో నడిచేవాడికి అప్పుడప్పుడైనా గుండె కొట్టుకుంటుంది. మంచిపని కోసమే అనుకుని తప్పు చేసేవాడికి ఆ కొట్టుకోవడం కూడా ఉండదు.

మంగళవారం జీర పెరిగింది. బుధవారం, కంపెనీ ఇచ్చినా ఎప్పుడూ వాడని చెవి బిరడాలు తీసి పెట్టుకుంది. లోపల్లోపల పాట పల్లవి అనుకుంటూ పనిచేసింది.

ఆ సాయంత్రం తల్లి దగ్గర మాత్రం మాట జారింది. తాయమ్మ అన్నం వారుస్తున్నది కాస్తా గంజి గిన్నె కింద పెట్టేసింది.

"ఆ మిషన్ కాడ ఎవురుండారు?"

"కోమలి."

"మరి సెప్పినావా?"

"సెప్తే లీవు పోతాదిమా. రేపొక్క దినమే గదా."

"రేపు పోతానే సెప్పు మే. నువ్వు పాడకపోతే కూటాలేం ఆగిపోవు."

ఆ చివరి మాట కృపామణికి ములుకులా గుచ్చుకుంది. తల్లి తన పాటను తీసిపారేసిందని అలిగి, అసలు మాటను వదిలేసింది. గురువారం పొద్దున వెళ్ళి చెప్పలేదు.

గురువారం పదకొండు గంటలకు కోమలి మిషన్లో పైకి లేచిన అచ్చు ఆగలేదు. ముక్క తీయడానికి చెయ్యి పెట్టిన క్షణంలోనే మళ్ళీ దిగింది. కోమలి అరుపు చెవి బిరడాలను దాటుకుని వచ్చింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ఒక గంటలో ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. మిగతా మిషన్ల మీద ముక్కలు లాగించి, సాయంత్రానికి లారీ నింపారు. కృపామణికి లీవు మంజూరైంది.

శుక్రవారమంతా ఆమె ఇల్లు కదలలేదు. ఆ సాయంత్రం బస్సు దిగివచ్చిన ఆడవాళ్ళు ఒక మాట మోసుకొచ్చారు. తప్పు కోమలిదేనట. అచ్చు ఆగకముందే తొందరపడి చెయ్యి పెట్టిందట. పొద్దున్నే లేచి పూలు కట్టి కట్టి పనిలో కునికిపాట్లు పడుతుందట. శనివారం పది గంటలకు విచారణ. అదే తేలితే ఉద్యోగం పోతుంది. వేళ్ళు పోయినదాన్ని, పైగా నిర్లక్ష్యమని పేరు పడినదాన్ని, ఇంకే కంపెనీ గేటు లోపలికి రానిస్తుంది? ఇలాంటి చోట చచ్చు మిషన్‌కు నోరుండదు, దెబ్బతిన్న మనిషి ఆసుపత్రిలో ఉంటుంది, అందుకే నింద సులువుగా మనిషి మీదికి పోతుంది.

శనివారం తెల్లవారగానే కృపామణి పాస్టర్ గారింటికి వెళ్ళింది. సోమవారం నుంచి జరిగినదంతా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"అయ్యో తల్లీ! సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నువ్వు పోయి, నాకు ముందే తెలుసంటే నీ ఉద్యోగం ఉంటుందా? మందిరానికి కూడా మాటొస్తుంది. సాయంత్రం పాట పెట్టుకుని ఇవన్నీ ఎందుకు? ఆ పిల్ల కోసం ప్రార్థన చేద్దాం."

"ప్రార్థన సోమవారం నుంచి చేస్తానే ఉండాను అయ్యగారూ. ఆ మిషన్ ఆగకూడదని."

ఆమె దండం పెట్టి బస్సు కోసం బయలుదేరింది.

విచారణకు బయటినుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అయిదు నిమిషాలు నడిపి చూస్తే మిషన్ బాగానే ఉంది. కాగితం మీద సంతకం పెట్టడమే తరువాయి. అప్పుడు కృపామణి లోపలికి వచ్చింది.

"ఆ మిషన్‌లోనే తప్పుండాది సార్. సోమవారం నుంచి ఇంటానే ఉండాను."

"ఇరవై మిషన్ల గోలలో నీకొక్కదానికే ఇనిపించిందా?" అని మునిశేఖర్ కసిరాడు.

ఇంజనీరు ఆమెను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. ఏ వరస లేకుండా మిషన్లను ఒక్కొక్కటిగా నడిపించాడు. "ఇది కాదు. ఇదీ కాదు. ఇదే." మళ్ళీ మార్చి నడిపించాడు. మళ్ళీ అదే మిషన్ దగ్గర చెయ్యెత్తింది. మూడోసారీ అంతే. అప్పుడు దాని పక్క మూత విప్పించాడు. పైకి లేచిన అచ్చును ఆపి పట్టుకోవలసిన స్ప్రింగు లోపల అరిగి, సగం దాకా చీలి ఉంది. ఒకసారి పట్టుకుంటోంది, ఒకసారి వదిలేస్తోంది.

ఇంజనీరు చాలాసేపు ఆ స్ప్రింగును తిప్పి తిప్పి చూశాడు. తరువాత అడిగాడు: "ఇంత చెవి ఉన్నదానివి, సోమవారమే ఎందుకు చెప్పలేదమ్మా?"

తప్పించుకోవడానికి దారి ఉంది. మునిశేఖర్ ఆరోజు అన్న మాట చెబితే సగం భారం అతనిమీద పడుతుంది. ఆ మాట చెప్పింది, కాని అక్కడ ఆగలేదు. "ఆ సార్ నన్ను సెప్పొద్దనలేదు. సెప్తే పాటకు పోలేనని నేనే నోరు మూసుకున్నాను. అట్లనే రాసుకోండి" అని సంతకం పెట్టింది. కోమలి తప్పు లేదని అదే కాగితం మీద తేలింది. కృపామణిని మళ్ళీ కబురు చేసేదాకా పనిలోకి రావద్దన్నారు.

అక్కడినుంచి తిరుపతి వెళ్ళింది. కోమలి మంచం మీద కూర్చుని ఉంది. చేతికి పెద్ద కట్టు. నింద తొలగిందని విని మొదట ఆమె ముఖం విప్పారింది. ఆ తరువాత మెల్లగా అర్థమైంది.

"అయితే నాలుగు దినాలూ ఇన్నావా అక్కా?"

"ఇన్నాను."

"పక్కనే కూర్చోని?"

కృపామణి తల ఊపింది. కోమలి తన కట్టు వైపు చూసుకుంది.

"పూలు కట్టాలంటే ఈ రెండు వేళ్ళే కావాల గదక్కా" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

కృపామణి లేచి వెళ్ళిపోలేదు. పొద్దు వాలేదాకా మంచం పక్కన కూర్చుంది. సత్యవేడులో ఆమె పాట వేళ వచ్చింది, పోయింది. తాయమ్మ చెప్పినట్టే కూటాలు ఆగలేదు. ఎవరో ఇంకొకరు పాడారు.

తరువాతి ఆదివారం మందిరంలో పాస్టర్ గారు ప్రసంగం మొదలుపెట్టలేదు.

"పాట, ప్రసంగం తప్ప దేవుడు ఇంకేమీ ఇవ్వడన్నట్టు మీకు నేర్పింది నేను. యజమాని ఇచ్చిన తలాంతును వాడకుండా మట్టిలో పాతిపెట్టినవాడి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దాన్ని మందిరం లోపల కూడా పాతిపెట్టొచ్చని నాకు తెలియలేదు" అన్నారు. తరువాత వెనక వరస వైపు చూశారు. "కుప్పయ్యా, ముందుకు రాప్పా. ఆ రోజు నిన్ను కూర్చోమన్నాను. ఈ మందిరం గోడలు చూసి చెప్పు."

కుప్పయ్య వెనక వరసలో లేచి నిలబడ్డాడు. గోడల వైపు తల కూడా తిప్పలేదు.

"పడమటి గోడ పొట్ట తీసిందయ్యా, ఎప్పుడైనా పడిపోతాది. పిలకాయలు కూర్చునే తట్టు. ఆ దినం అది సెప్దామనే వచ్చినాను."

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. తల్లులు గబగబా లేచి పిల్లల్ని ఇవతలికి లాక్కున్నారు. పిల్లలందరూ ఇటువైపు వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు.

ఆ తరువాత పాస్టర్ గారు కృపామణిని పాట పాడమని అడిగారు. ఆమె ముందుకు వచ్చింది కాని పాడలేదు. జనం వైపు తిరిగి, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ చెప్పింది.

"దేవుడు నాకు సెవి ఇచ్చింది పాట కోసమే అనుకుంటిని. పక్కన కూర్చున్న మనిషి కోసం కూడా అని తెలుసుకునేదానికి రెండు వేళ్ళు తెగిపోయినాయి. అవి నా వేళ్ళు కాదు."