చుక్కకు ఒక చప్పుడు

మందుపెట్టెలో మడిచి పెట్టే సన్నకాగితాన్ని చదివేవాళ్ళు తక్కువ. దాన్ని రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పై ఒక్క ఏళ్ళుగా చదువుతున్న మనిషి ఆ ప్రెస్సులో ఒక్కరే ఉన్నారు. ఎదురుగా ఆయన్ని మాస్టారూ అని పిలిచేవారు, వెనకాల భూతద్దం అనేవారు. రెండూ ఆయన చెవిన పడ్డవే. రెండో పేరే తన పనికి దగ్గరగా ఉందని ఆయన అభిప్రాయం.

పని ఇద్దరిది. మందుల కంపెనీ డాక్టరు సంతకం చేసి పంపిన కాగితాన్ని ఒకరు పైకి చదవాలి. అచ్చుకు సిద్ధమైన ప్రూఫుతో రెండోవారు దాన్ని సరిచూసుకుంటూ పోవాలి. చదివే ఆమెను అందరూ రీడరమ్మ అనేవారు. పన్నెండేళ్ళుగా ఆమె బల్లకు అటు, మాస్టారు ఇటు. అంకెలను విడివిడిగా చదవాలి. దశాంశపు చుక్క వచ్చినచోట నోటితో ఏమీ అనకూడదు, వేలి కణుపుతో బల్లమీద ఒకసారి కొట్టాలి. పేరా మారితే రెండుసార్లు. చుక్క చప్పుడు విన్నప్పుడల్లా మాస్టారు ప్రూఫులోని ఆ చుక్క నెత్తిన పెన్సిలుతో చిన్న గీత పెట్టేవారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. ఏ ఆచారాన్నైనా నీకు కారణం ఏమిటని నిలదీసే మనిషి దీన్ని మాత్రం నోరెత్తకుండా పుచ్చుకున్నారు.

ఆయన నిలదీతలు ప్రెస్సులో అందరికీ తెలుసు. చనిపోయిన మెషిన్‌మన్ అడుగుల చప్పుడు కాగితాల గదిలో వినిపిస్తోందని ఒక ఏడు పుకారు లేచింది. మాస్టారు మూడు రోజులు భోజనం వేళంతా ఆ గదిలోనే కూర్చుని, బయటికొచ్చి, "చప్పుడు కోసం కాచుకుని కూర్చున్న చెవి ఊరుకోదు, తనే ఒకటి పుట్టిస్తుంది. అంతకు మించి ఆ గదిలో ఎవరూ లేరు" అని తేల్చేశారు. ఆ మాట చాలాకాలం నోటీసుబోర్డు పక్కన ఎవరో రాసిపెట్టి ఉంచారు, మెచ్చుకోలుగానో వెటకారంగానో.

కొత్త యంత్రం కోసం పై అంతస్తు సగం ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, ప్రూఫు విభాగాన్ని ఒక నెల ఇళ్ళ నుంచి పని చేయించి చూద్దామని పైవాళ్ళు అన్నారు. మేనేజరుకు అది మింగుడుపడలేదు.

"ఇంట్లో కూర్చుని చేసేది పనవుతుందా మాస్టారూ, కాపురమవుతుంది గానీ."

"కొలిస్తే తెలుస్తుందండి."

"అయితే మీరే కొలవండి. ఆఫీసు నెల ఒకటి, ఇంటి నెల ఒకటి. రిపోర్టు మీరు రాయండి, దాని ప్రకారం చేద్దాం. మీ మాట మీద నాకెలాగూ తిరుగు లేదు."

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ రీడరమ్మ ఆయన పక్కకు చేరింది.

"రిపోర్టు మీరు రాస్తారట."

"రాస్తానమ్మా."

"మా అత్తయ్య స్నానాలగదిలో పడి తుంటి విరిగినప్పటినుంచీ ఆవిణ్ణి ఒక్కదాన్ని వదిలి రావాలంటే నా ప్రాణం గుప్పెట్లో ఉంటోంది. మా ఆయన లారీ దిగేది వారానికోసారి. పగలు చూసుకునే మనిషి ఎంత వెతికినా దొరకలేదు. అందరూ ఆఫీసుకే రావాలని తేలితే నేను మానేయాల్సిందే."

"ఆ సంగతి రిపోర్టులోకి ఎక్కదు."

"ఎక్కించమని కాదు మాస్టారూ. మీ చెవిన వేశానంతే."

ఆయన ఒక నోటుపుస్తకం కొన్నారు. ఆఫీసు నెలలో కంపెనీల నుంచి తిరిగొచ్చిన దిద్దుబాట్లు పదకొండు, అన్నీ చిల్లర తప్పులే. ప్రతి తప్పు పక్కనా ఆ గంటలో గదిలో ఏం జరిగిందో రాశారు. ఒకచోట, కిటికీ తెరవాలా మూయాలా అన్న చర్చ, ఇరవై నిమిషాలు. మరోచోట, బైండరు కొడుక్కి ఉద్యోగం వచ్చింది, అందరూ లేచి వెళ్ళారు, నేనూ వెళ్ళాను.

ఇంటి నెల మొదలైంది. ఫోను పుస్తకాల దొంతరకు ఆనించి, భోజనాల బల్లమీద ప్రూఫు పరిచి, మాస్టారు పనికి కూర్చున్నారు. రానూపోనూ బస్సులో పోయే గంటా యాభై నిమిషాలు మిగిలాయి. నడుము నొప్పి కొత్తగా వచ్చింది. రెండో వారానికి గడ్డం రోజు విడిచి రోజు గీసుకోవడంలోకి దిగింది. భార్య మొదటి మూడు రోజులూ మునివేళ్ళ మీద నడిచింది. నాలుగో రోజు బఠాణీల గిన్నె తెచ్చి ప్రూఫు పక్కన పెట్టింది.

"నేను పనిలో ఉన్నాను."

"చూస్తున్నది కళ్ళతో కదండీ. చేతులు ఖాళీయేగా."

ఆయన ఒలవలేదు. అయినా ఆ వాదనలో లోపం ఎక్కడుందో వెంటనే దొరకక, పది నిమిషాలు పని ఆగింది. అదీ పుస్తకంలో రాశారు. మనుషులు లేకపోవడాన్ని లాభాల వైపు రాసి, సాయంత్రానికి నష్టాల వైపు కూడా రాయవలసి వచ్చిన రోజులున్నాయి. మొత్తం మీద, మూడో వారానికి తిరిగొచ్చిన దిద్దుబాట్లు నాలుగే. అంకె ఎటు మొగ్గుతోందో ఆయనకు కనిపిస్తూనే ఉంది. తను కూడా అటే మొగ్గుతున్న సంగతి ఆయన రాయలేదు.

మూడో వారం మధ్యలో చప్పుళ్ళు మొదలయ్యాయి.

"ఇక్కడ చుక్క లేదమ్మా."

"నేను కొట్టలేదు మాస్టారూ. అత్తయ్య చేతికర్ర. ఈవేళే నడక మొదలుపెట్టింది."

వెనకనుంచి ముసలావిడ గొంతు వచ్చింది. "ఏమిటే, నడిచినా తప్పేనా?"

"నడవండత్తయ్యా. మీ ప్రతి అడుక్కీ మాస్టారు ఒక చుక్క వెతుకుతున్నారు."

"నా తుంటి చూపించిన చుక్కలు చాలవూ, ఆయన వెతికేదేమిటి ఇంకా."

ఆ రోజు రెండు కాగితాలు పూర్తికావడానికి నాలుగు కాగితాల కాలం పట్టింది. మాస్టారు ఫోనుతో వచ్చిన పుస్తకాన్ని ఆ ఇంట్లో మొదటిసారి మొదటి పేజీనుంచి చదివారు. మాటను ఉంచి, మాట కాని శబ్దాన్ని తీసేసే ఏర్పాటు ఒకటి అందులో ఉంది. మర్నాడు పొద్దున్నే రీడరమ్మ చేత, ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పి, ఆమె ఫోనులో దాన్ని పెట్టించారు. చేతికర్ర మాయమైంది. పక్కింటి కుళాయి, వీధిలో హారన్లు కూడా మాయమయ్యాయి. "సమస్య: చేతికర్ర. పరిష్కరించబడినది" అని ఆయన పుస్తకంలో రాసి, కింద గీత గీశారు.

తొమ్మిది పనిదినాలు నల్లేరు మీద బండిలా సాగాయి. పదో రోజు మేనేజరు నుంచి పిలుపు వచ్చింది.

బల్లమీద ఒక సన్నకాగితం పరిచి ఉంది. పసిపిల్లల గుండెజబ్బుకు ఇచ్చే మందు. మోతాదు 2.5 అని ఉండవలసినచోట 25 అని ఉంది. పన్నెండు వేల కాగితాలు అచ్చయ్యాయి. పెట్టెల్లోకి వెళ్ళకముందే కంపెనీ ఫార్మసిస్టు పట్టుకుని వెనక్కి పంపింది.

"ఒక్కరూ మింగలేదు. మన అదృష్టం" అన్నారు మేనేజరు.

"అది ఆ ఫార్మసిస్టు శ్రద్ధండి. అదృష్టం కాదు."

"ఏదైనా సరే. ఇంక రిపోర్టులో రాయడానికేముంది? అక్కడ ముసలావిడ కర్ర, మీ ఇంట్లో కుక్కరు కూత. రీడరమ్మ ధ్యాస ఎటో ఉండి చుక్క వదిలేసింది. సోమవారం నుంచి అందరూ ఇక్కడే. రాలేనివాళ్ళ సంగతి వాళ్ళ ఇష్టం."

"ఆమె వదిలేసిందని ఎలా తెలిసింది మీకు?"

"మరి మీరు వదిలేశారా?"

మాస్టారు ఆ సన్నకాగితాన్ని దగ్గరికి లాక్కుని 25 కేసి చూశారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

"ఒక్కరోజు ఇవ్వండి" అన్నారు.

ఇంటికొచ్చి రీడరమ్మకు ఫోను చేశారు. వార్త ఆమెకు అప్పటికే చేరింది.

"నేను కొట్టాను మాస్టారూ. ఆ కాగితం నాకు బాగా గుర్తు. పసిపిల్లల మందు కదా అని కొంచెం గట్టిగానే కొట్టాను."

"సరేనమ్మా. ఇప్పుడు ఏమీ చదవకుండా బల్లమీద ఒక్కసారి కొట్టు."

నిశ్శబ్దం.

"కొట్టమ్మా."

"కొట్టాను."

"నాకు రాలేదు. గట్టిగా."

"ఇదిగో. ఇంకా గట్టిగా అయితే వేలు వాస్తుంది."

ఆయనకు మళ్ళీ నిశ్శబ్దమే వచ్చింది. దాని వెనకనుంచి ముసలావిడ గొంతు మాత్రం శుభ్రంగా వినిపించింది. "ఎవరో తలుపు కొడుతున్నారే, వెళ్ళి చూడు."

పక్కగదిలోని అత్తగారికి వినిపించిన చప్పుడు ఫోనులో రాలేదు. కర్ర చప్పుడు మాట కాదు, కణుపు చప్పుడూ మాట కాదు. యంత్రం చెప్పిన పనే చేసింది. చెప్పినవారు మాస్టారు.

అక్కడితో ఆగి ఉంటే అది ఫోను తప్పుగా తేలిపోయేది. కానీ ఆయనకు ఆగడం రాదు. తొమ్మిది రోజులుగా ఒక్క చప్పుడూ రాకపోతే, ఆ సంగతి తనకు మొదటి గంటలోనే తెలియాలి. ఆయన ఆ తొమ్మిది రోజుల ప్రూఫులన్నీ తీసి నేలమీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టారు. ప్రూఫుల్లో చుక్కలు రెండువందల పద్నాలుగు. చుక్కల నెత్తిన పెన్సిలు గీతలు రెండువందల పద్నాలుగు. ఒక్క చప్పుడూ రాలేదు. ఆయన అన్నీ విన్నారు. కన్ను చుక్కను చూసిన ప్రతిచోటా చెవి తన వంతు చప్పుడు పుట్టించి పెట్టింది. చుక్క లేని 25 దగ్గర మాత్రం దానికి పుట్టించే పని పడలేదు.

భార్య గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏమిటండీ, ఏదైనా పోయిందా?"

"కాగితాల గది గుర్తుందా నీకు? మెషిన్‌మన్ అడుగులు."

"మీరు అందరికీ గడ్డి పెట్టిన గదేనా?"

"అదే" అని ఆయన ప్రూఫులు ఎత్తి దొంతర పెట్టుకున్నారు.

రిపోర్టు రెండు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో రెండు నెలల అంకెలు. రెండో పేజీలో, శబ్దాలను తీసేసే ఏర్పాటు ఎవరు పెట్టించారో, ఏ తేదీన, ఎందుకో. తర్వాత రెండువందల పద్నాలుగు గీతల సంగతి, ప్రూఫులు జతచేసి. చివర ఇలా రాశారు: "చదివిన ఆమె ప్రతి చుక్కా చదివింది. సరిచూసినవాడు వినకుండా గీతలు పెట్టాడు. ఎదురుగా కూర్చున్ననాడు కూడా అతను చప్పుడు విని గీత పెట్టాడో, చుక్కను చూసి పెట్టాడో ఇప్పుడు చెప్పే ఆధారం లేదు. కనుక ఈ తప్పును ఇంటి ఖాతాలో రాయడానికి వీల్లేదు. ఇల్లు మేలా, ఆఫీసు మేలా అని తేల్చడానికి రెండు నెలల లెక్క చాలదు. ఇకమీదట చుక్కను నోటితో చదవాలి."

మేనేజరు రెండుసార్లు చదివారు.

"ఇది పైకి పంపితే మీ పేరు ఏమవుతుందో ఆలోచించారా? ఫోను పాడైందని రాయండి. నేనూ సంతకం పెడతాను."

"ఫోను పాడవలేదండి. అలా రాస్తే ఇంట్లో పని కుదరదని మీరే అంటారు. ఆమె మానేయాల్సి వస్తుంది."

"ఆమె కోసం రాశారా ఇది?"

"ఆమె కోసమైతే ఇంకా బాగా రాసేవాణ్ణి."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అన్నమాట తప్పే మనిషి కాదు, అలాగని ఓడిపోయి ఊరుకునే మనిషీ కాదు.

"సరే. మీ రిపోర్టు ప్రకారమే చేద్దాం. చదివే ఆవిడ తప్పు లేదు, ఆవిణ్ణి ఇంట్లోనే ఉండనీండి. కనిపెట్టి ఉండాల్సింది మిమ్మల్ని. సోమవారం నుంచి మీరు ఇక్కడ, నా గది ఎదురుగా."

ఆ తర్కంలో లోపం వెతికారు మాస్టారు. దొరకలేదు.

సోమవారం ఆయన నున్నగా గడ్డం గీసుకుని, గంట సేపు బస్సులో నిలబడి, పాత బల్లకు వచ్చారు. ఎదుటి కుర్చీ ఖాళీ. ఫోను పెట్టారు. చప్పుళ్ళను మింగే ఆ ఏర్పాటు తీసేయించారు. రీడరమ్మ గొంతు వచ్చింది, దాని వెనక కుళాయి, హారన్లు, కర్ర, అన్నీ వచ్చాయి.

"రెండు, చుక్క, ఐదు."

గీత.

"సున్నా, చుక్క, ఏడు, ఐదు."

గీత. దూరంగా టక్‌మని చప్పుడైంది. పెన్సిలు కాగితం దాకా వెళ్ళి ఆగింది.

"అది అత్తయ్య, మాస్టారూ."

"తెలుసమ్మా. కానివ్వు."

పదకొండు గంటల వేళ, ఒక పెద్ద మోతాదుల పట్టిక మధ్యలో, చెవిలో టక్‌మని వినిపించి ఆయన చెయ్యి మళ్ళీ ఆగింది.

"ఈ కాస్తలో మీ అత్తగారు అటూ ఇటూ తిరిగారా?"

"లేదండీ. అన్నం తిని పడుకుని అరగంట అయింది. ఎందుకు?"

మాస్టారు పట్టిక మీది గీతలను పై నుంచి కిందికి చూశారు. ఏది విని పెట్టిందో, ఏది చూసి పెట్టిందో గీతను బట్టి చెప్పలేకపోయారు. రబ్బరు తీసుకుని అన్నిటినీ చెరిపేశారు.

"పట్టిక మొదటినుంచీ చదువమ్మా" అన్నారు. "కొంచెం నెమ్మదిగా."