నాలుగు పేజీల చావు

ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, ఇప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటున్న ఆయనకు ఆ యుద్ధ నవల చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. గొంతులో గుండు దిగిన సైనికుడు నాలుగు పేజీలు ఉపన్యాసం దంచి, తీరిగ్గా చచ్చాడు. ఆయన ఎర్ర పెన్నుతో నాలుగు పేజీలూ అడ్డంగా కొట్టేశాడు. రచయిత లబోదిబోమంటూ వచ్చాడు.

"సైనికుడి గుండె బరువు చదివేవాళ్లకి తెలియాలి కదయ్యా. యుద్ధంలో నీ పక్కన పోయినవాడు ఏమీ అనలేదా?"

"తన సాక్సులు తడవలేదు, తీసుకోమన్నాడు. మంచులో ఉన్నాం, తీసుకున్నాను."

రచయిత మొహం చిట్లించాడు. "అందులో ఏముంది? నవలకి పనికిరాదు."

"నాకు పనికొచ్చాయి సార్. కాళ్లు బిగుసుకుంటే విప్పడం కష్టమని, వాడు పోయేదాకా కూడా ఆగలేదు."